పక్కగోడ చిల్లు

ఆ రోజు మా తమ్ముడి వ్యానును మా కొట్టు చప్టా మీద నుంచి "పోనీ, పోనీ" అని చెయ్యూపి పంపింది నేనే. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. తరవాత ఎవరిని ఎంత తిట్టినా, ఎవరి మీద ఎంత ఎగిరిపడ్డా, ఊపిన చెయ్యి మాత్రం నాదే. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండిపోతుంది.

మాది పంక్చర్లు వేసే కొట్టు. పెద్ద రోడ్డు మీద, బస్సుల డిపోకు ఎదురుగా. పైన రేకులు, ముందు సిమెంటు చప్టా, ఒక మూల గాలి మిషను, ఇంకో మూల నీళ్ల తొట్టి, గోడ నిండా మేకులకు తగిలించిన ట్యూబులు. వెనకే మా ఇల్లు. మా ఆయన ఉన్నన్నాళ్లు ఆయనే నడిపాడు. ఆయన తరవాత కొడుకు నడుపుతాడని నేను అనుకున్నాను. నడిపింది కోడలు. ఆ పిల్ల లివరు పట్టుకుందంటే ఎంత మొండి టైరైనా రిమ్ము వదిలి రావలసిందే. నా కొడుకు కష్టపడతాడు, కాదనను. కానీ ఎవరు ఏమన్నా "సరే" అంటాడు. బళ్లో పిల్లలు వాణ్ణి "సరేగాడు" అనేవాళ్లు. అప్పుడు నేను నవ్వాను కూడా. ఎంత బుద్ధి తక్కువ పని!

మా కొట్టుకు ఒక కట్టుబాటు ఉంది. మా ఆయన పెట్టింది. టైరును రిమ్ము నుంచి ఊడదీసి, లోపల చెయ్యి పెట్టి, చుట్టూరా తడిమి చూసినవాళ్లే దాని మీద సుద్దతో తమ గుర్తు వెయ్యాలి. బయటి నుంచి రబ్బరు తాడు గుచ్చి, గాలి కొట్టి, ఇక వెళ్లండి అని పంపడం మా దగ్గర లేదు. మేకు బయటికి పెసరగింజంత కనిపిస్తుంది, లోపల ఎంత చీల్చిందో చెయ్యి పెడితే గాని తెలియదు. గాలి లేని చక్రం మీద కాస్త దూరం నడిపారంటే లోపలి రబ్బరు నలిగి పొడి పొడిగా రాలుతుంది. అలాంటి టైరుకు ఎన్ని ప్యాచ్‌లు వేసినా దండగే. అందుకని చూసినవాళ్ల గుర్తు లేనిదే ఏ బండీ చప్టా దిగకూడదు. కొడుకు గుర్తు అడ్డగీత. కోడలి గుర్తు సున్నా, మధ్యలో చుక్క. మనుషుల్ని ఎక్కించుకుని తిరిగే బండ్లకైతే సున్నాచుక్కే ఉండాలి. ఎందుకంటే కోడలు బండ్ల ఆఫీసులో పరీక్ష రాసి, ఈ పని చెయ్యవచ్చని కాగితం తెచ్చుకుంది. ఆ కాగితం పక్కనే ఆఫీసువాళ్లు ఇచ్చిన బొమ్మ ఉంటుంది. టైరు బొమ్మ. నేల మీద ఆనే నడిమి భాగానికి పచ్చరంగు, రెండు పక్కలకూ, అంటే పక్కగోడలకు, ఎర్రరంగు. పచ్చరంగులో చిల్లు పడితే, అదీ పెన్సిలు లావు దాటకపోతే, బాగుచెయ్యవచ్చు. ఎర్రరంగులో పడితే చెయ్యకూడదు. అది చట్టం. చదువు రాని నాకే అర్థమయ్యేలా గీశారు.

నా పని చప్టా అంచున పీట వేసుకుని కూర్చోవడం, గుర్తు చూడడం, చెయ్యి ఊపడం. అంతే. ఆ ఒక్క పనీ సరిగ్గా చెయ్యలేకపోయాను.

ఆ రోజు పొద్దున పది గంటలకు మా తమ్ముడు వచ్చాడు. బడి పిల్లల వ్యాను నడుపుతాడు వాడు. వాణ్ణి అందరూ "తొందర" అంటారు. పుట్టడం కూడా నెల ముందే పుట్టాడు. మా అమ్మ మంచాన పడితే నా చంక దిగకుండా పెరిగాడు. స్టెప్నీ చక్రం వేసుకుని వచ్చి, పంక్చరైన చక్రాన్ని దొర్లించుకుంటూ చప్టా ఎక్కాడు.

"అమ్మాయ్, పావుగంటలో అయిపోవాలి."

కోడలు టైరు ఊడదీసి, తిప్పి చూసి, వేలు ఒక చోట ఆపింది. "బాబాయిగారూ, దేన్నో రాసుకుంటూ పోయారు మీరు. ఇది పక్కగోడ చిల్లు. దీనికి ప్యాచ్ వెయ్యకూడదు. కొత్త టైరు వేసుకోండి."

"సూది బెజ్జమంత లేదు, దానికి కొత్త టైరా?"

"బండి నడుస్తుంటే పక్కగోడ ప్రతి చుట్టుకూ వంగుతుంది, లేస్తుంది. అతికించిన ముక్క ఎన్నాళ్లు ఆగుతుంది? మీ మోకాలి మీద ఓ కాగితం అతికించుకుని వంద గుంజీళ్లు తియ్యండి. కాగితం ఉంటే నేను ప్యాచ్ వేస్తాను."

"చూశావా అక్కా, నీ కోడలు నన్ను గుంజీళ్లు తియ్యమంటోంది!"

"చిన్నప్పుడు నేను తీయించాను, అవి చాల్లేదు నీకు," అన్నాను. నవ్వుకున్నాం. వాడూ నవ్వాడు. "సరేలే, ఆ టైరు అక్కడ ఉంచు, మళ్లీ వస్తా," అని వెళ్లిపోయాడు. కోడలు దాన్ని గోడ వారగా, కోసెయ్యవలసిన టైర్ల పక్కన పెట్టింది. పనికిరాని టైరును మేము నిలువునా కోసేస్తాం, ఎవడూ మళ్లీ ఎక్కించకుండా.

మధ్యాహ్నం కోడలు ప్యాచ్‌లూ సొల్యూషన్ డబ్బాలూ తేవడానికి బజారుకు వెళ్లింది. నేను వెనక ఇంట్లోకి వెళ్లి రెండు ముద్దలు తిని వచ్చేసరికి మా తమ్ముడి వ్యాను చప్టా మీద ఉంది. చక్రం బిగించి, జాకీ దించేశారు. తొందరగాడు అప్పటికే ఇంజను మోత మోగిస్తున్నాడు. నేను వంగి చూశాను. సున్నా, మధ్యలో చుక్క. కోడలు వచ్చి ఇంకేదో టైరు చూసి ఎక్కించి, మళ్లీ ఏ పని మీదో వెళ్లి ఉంటుందనుకున్నాను. అడగాలి కదా? నోరుంది కదా? అడగలేదు. చెయ్యి ఊపాను.

మూడు గంటలు దాటాక కోడలు వచ్చింది. సంచీ దించి, గోడ వైపు చూసి, "అత్తయ్యా, బాబాయిగారి టైరేది? కోద్దామని పెట్టానే," అంది.

"నువ్వే గుర్తు వేశావుగా. మధ్యాహ్నం ఎక్కించుకుపోయాడు."

"నేనా? నేను ఇప్పుడేగా వస్తున్నాను!"

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. తరవాత ఇద్దరం ఒకేసారి నా కొడుకు వైపు చూశాం. వాడు గాలి మిషను పక్కన, ఎన్నడూ తుడవనివాడు, పానాలు తుడుస్తున్నాడు. కాళ్ల దగ్గర నల్లటి రబ్బరు పొడి. ప్యాచ్ పట్టాలని లోపలి వైపు అరగదీసినప్పుడు రాలే పొడి.

"ఒరేయ్," అన్నాను. "ఆ టైరుకు ముక్క వేశావా?"

"మావయ్య బతిమాలాడమ్మా. రేపు కొత్తది తెచ్చుకుంటాను, ఈ రెండు పూటలకే అన్నాడు."

"గుర్తు ఎవరిది వేశావు?"

వాడు పానా ఇంకా గట్టిగా తుడిచాడు.

"అడుగుతుంటే వినబడ్డం లేదా? గుర్తు ఎవరిదిరా?"

"నాది వేస్తే నువ్వు పోనివ్వవు కదమ్మా," అన్నాడు.

ఆ మాటకు నాకు తల కొట్టేసినట్టయింది. అంటే నన్ను మోసం చెయ్యడానికే, ముసలిది సున్నా చూసి చెయ్యూపుతుందని లెక్క వేసుకునే గీశాడు. చేతిలో చీపురుంది, విసిరాను. తగల్లేదు. తగిలితే బాగుండునని ఇప్పటికీ అనుకుంటాను.

కోడలు అరవలేదు. పెళ్లయి పన్నెండేళ్లు, మొగుణ్ణి మీరు అని తప్ప పిలవని పిల్ల. దగ్గరికి వెళ్లి, "నువ్వు ఏ వేలితో గీశావు నా గుర్తు?" అంది. నువ్వు అంది.

"నాలుగింటికి బడి వదులుతారు," అన్నాను.

తొందరగాడికి ఫోను చేశాం. మోగలేదు. పిల్లలు వచ్చేదాకా వ్యానులో కునుకు తీస్తాడు, అప్పుడు ఫోను ఆపేస్తాడు. కోడలు స్కూటరు తీసింది. నేను వెనక ఎక్కి, దాని నడుం పట్టుకుని, దారి పొడుగునా నా కొడుకును, నా తమ్ముణ్ణి, నన్ను, ముగ్గురినీ వంతులవారీగా తిట్టాను. బడి నుంచి వచ్చే దారి వంతెన దిగుతుంది. పెద్ద దిగుడు. కింద మలుపు. మలుపులో టైరు పగిలితే వ్యాను ఎటు పోతుందో నాకు తెలుసు. నలభై ఏళ్లు టైర్ల మధ్య కూర్చున్నదాన్ని. పగిలిన టైర్లు మా కొట్టుకు వచ్చాయి, ఆ బండ్లలోవాళ్ల కబుర్లూ వచ్చాయి.

మేము వెళ్లేసరికి పిల్లలు ఎక్కుతున్నారు. పద్నాలుగు మంది. దగ్గర్లో పనిచేసే తల్లులు కొందరు వాళ్లను ఎక్కించడానికి వచ్చారు. సంచులు విసురుకుంటున్నారు, కిటికీ పక్క సీటు కోసం కొట్టుకుంటున్నారు. తొందరగాడు కంటినిండా నిద్రపోయి మొహం కడుక్కుని, "ఎక్కండి, ఎక్కండి, వేగం," అంటున్నాడు.

కోడలు తిన్నగా వెనక ఎడమ చక్రం దగ్గర కూలబడింది. ఆ పక్క చూడమని నాకు సైగ చేసింది. చూశాను. టైరు పక్క మీద, సున్నాచుక్కకు జానెడు దూరంలో, కోసిన నిమ్మచెక్కంత ఉబ్బు. కొట్టు నుంచి బడికి ఒక్కసారి వచ్చినందుకే అంత.

"దించరా పిల్లల్ని," అన్నాను.

"ఏమైందక్కా, నువ్వెందుకొచ్చావు ఇక్కడికి?"

"దించమన్నాను!"

వాడు చక్రం చూశాడు, నన్ను చూశాడు. నన్ను పక్కకు లాగి, గొంతు తగ్గించి, "కాస్త ఉబ్బింది, అంతేగా. నెమ్మదిగా పోతాను. రేపు మార్చేస్తాను. ఈ తల్లుల ముందు గోల చెయ్యకు," అన్నాడు.

"నువ్వు నెమ్మదిగా పోవడమా? నీ జన్మలో పోయావా?"

"అక్కా, మాట విను."

"స్టెప్నీ వెయ్యి."

కోడలు అప్పటికే వెనక తలుపు తీసి స్టెప్నీ చూసింది. "అత్తయ్యా, ఇది ఇంకా ఘోరం, బోడిగుండులా నున్నగా ఉంది. గాడి అన్నది లేదు. చట్టం ప్రకారం ఇదీ రోడ్డెక్కకూడదు. వాన పడితే జారుడుబండే." లేచి నిలబడి, "బాబాయిగారూ, పొద్దున ఇదే వేసుకుని పిల్లల్ని తెచ్చారా?" అంది.

వాడు నా వైపే తిరిగాడు. ఈసారి మొహం మారింది.

"టైరు మీద మీ కొట్టు గుర్తు ఉందక్కా. నీ కోడలి గుర్తు. అరిచి చెప్పు, ఇంకా గట్టిగా అరిచి చెప్పు. బండ్ల ఆఫీసువాళ్లు వచ్చి నీ కోడలి కాగితం చింపుతారు. మూతపడేది నీ కొట్టు. నాదేముంది, ఇంకో చోట టైరు వేయించుకుంటాను."

చంకనెత్తుకుని పెంచిన తమ్ముడు ఆ మాట అన్నాడు.

నిజం చెప్పొద్దూ, వాడు అన్నది అబద్ధం కాదు. మా ఆయన ముప్ఫై ఏళ్లు కూడబెట్టిన పేరు. కోడలు రాత్రింబగళ్లు చదివి తెచ్చుకున్న కాగితం. తప్పు చేసింది నా కొడుకు, పోయేది ఆ పిల్ల పేరు. ఏదో వంక చెబుదామా అనుకున్నాను. ఇంజను పాడైందంటే పోలా? పిల్లలు దిగుతారు, కొట్టు నిలబడుతుంది, వీణ్ణి తరవాత చూసుకోవచ్చు. అనుకున్నాను, అవును. అనుకోలేదని అబద్ధమాడను.

కానీ రేపు? రేపు పొద్దున వీడు ఇంకో సరేగాడి దగ్గరికి పోతాడు. ఆ నున్నటి స్టెప్నీ మీద మళ్లీ వీళ్లనే ఎక్కిస్తాడు. ఇంజను కథ చెబితే ఆ తల్లులు రేపు కూడా చేతులూపి పంపుతారు. నేను ఊపినట్టే.

కోడలి వైపు చూశాను. ఆ పిల్ల చేతులకు మసి, కళ్లల్లో నీళ్లు. "చెప్పండి అత్తయ్యా," అంది. "మనమే చెప్పాలి."

వ్యాను మెట్టు ఎక్కి నిలబడ్డాను. బడి పెద్ద టీచరమ్మ గేటు దగ్గరే ఉంది. పిల్లల తల్లులు ఏడెనిమిది మంది ఉన్నారు.

"అమ్మా, అందరూ వినండి," అన్నాను. "ఈ వ్యాను వెనక చక్రానికి పక్కగోడలో చిల్లు పడింది. దానికి ముక్క వెయ్యకూడదు. వేశారు. వేసింది మా కొట్లో. నా కొడుకు వేశాడు. నా కోడలు వద్దన్న టైరు మీద నా కోడలి గుర్తు దొంగతనంగా గీశాడు. చూసుకోకుండా పంపింది నేను. మీ పిల్లల్ని దించుకోండి. దీని స్టెప్నీ కూడా పనికిరాదు."

తరవాత ఒకే గందరగోళం. పిల్లల్ని చెయ్యి పట్టి లాగేవాళ్లు, తొందరగాడి మీదికి వచ్చేవాళ్లు, నా మీదికి వచ్చేవాళ్లు. ఒకావిడ, "నిన్న నా స్కూటరుకు మీ దగ్గరే పంక్చరు వేయించాను! అదీ ఇలాగేనా?" అని నా మొహం మీద వేలు ఊపింది. ఏం చెప్పను? "తెచ్చి చూపించమ్మా, విప్పి చూస్తాం," అన్నాను. టీచరమ్మ వ్యాను నంబరూ మా కొట్టు గుర్తులూ కాగితం మీద రాసుకుంది. రాసుకోమనే అన్నాం. ఒక పిల్లకాయ దిగుతూ, "కిటికీ సీటు నాకు దొరికింది ఇవాళే," అని ఏడ్చాడు.

తొందరగాడు తాళంచెవి నేల మీద కొట్టాడు. "ఇవాళ్టితో నాకు అక్క లేదు," అన్నాడు.

"లేకపోతే పోయింది. జాకీ తియ్యి," అన్నాను.

తియ్యలేదు, వెళ్లిపోయాడు. కోడలే జాకీ పెట్టి, చక్రం విప్పి, టీచరమ్మ చూస్తుండగా గాలి తీసేసి, అక్కడికక్కడే ఊడదీసింది. లోపల ప్యాచ్ అంచు లేచిపోయి ఉంది. గోరు పెడితే ఊడి వచ్చింది. కింద టైరు దారాలు తెగి, చింపిరిగా బయటపడ్డాయి. ఆ దారాలు చూసి టీచరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

కొట్టుకు తిరిగి వచ్చాక ఆ టైరును నా కొడుకు ముందు పడేశాను. వాడు చూశాడు, చతికిలబడ్డాడు. అప్పుడు కోడలు అడిగింది, నాకు తట్టని ప్రశ్న.

"ఇలా ఎన్నింటికి వేశావు?"

"ఇదొక్కటే," అన్నాడు.

"నా మొహం చూసి చెప్పు."

వాడు ఆ తెగిన దారాలే చూస్తూ, "ఇంకో రెండు," అన్నాడు.

ఈసారి నా చేతికి చీపురు కూడా అందలేదు. నా కడుపున పుట్టినవాడు, నా పీటకు నాలుగు గజాల దూరంలో చేశాడు. అడిగినవాడికల్లా కాదనలేక చేశాడట. కాదనలేకపోవడం అంటే వాడికి మొహమాటం. దారిన పోయేవాడికి అది ప్రాణం మీదికి రావడం.

ఒకటి కూరగాయల ఆవిడ ట్రాలీ ఆటోది. మర్నాడు తెల్లవారగానే ముగ్గురం మార్కెట్టుకు వెళ్లి పట్టుకున్నాం. ఆవిడ మమ్మల్ని అంతమందిలో నిలబెట్టి కడిగేసింది. కడగనిచ్చాం. టైరు మార్చి వచ్చాం. అక్కడి నుంచే కోడలు బండ్ల ఆఫీసుకు వెళ్లి, జరిగింది జరిగినట్టు తనే చెప్పి, తన కాగితం వాళ్ల బల్ల మీద పెట్టేసింది. విచారణ అయ్యేదాకా మనుషులెక్కే బండ్లు ముట్టుకోవద్దన్నారు. సైకిళ్లూ, తోపుడుబండ్లూ చేసుకుంటున్నాం. డిపో డ్రైవర్లు మా చప్టా దాటి అవతలి కొట్టుకు పోతున్నారు. నా కళ్ల ముందే పోతున్నారు.

రెండోది బూడిదరంగు కారు. దూరం పోయేవాళ్లట. కొడుకూ, ముసలి తల్లీ. ఎండలో తల్లి కూర్చోలేకపోతోంది, త్వరగా వేసి పంపమన్నాడట. వీడు సరే అన్నాడట. నంబరు చూడలేదు. ఎటు పోయారో అడగలేదు. వెనక ఎడమ చక్రం అన్నది ఒక్కటే గుర్తు వాడికి. ఆవిడ నా వయసుదై ఉంటుంది. మా చప్టా మీదే కూర్చుని మంచినీళ్లు అడిగి తాగిందట. నేను ఆ పూట ఆసుపత్రికి పోయాను.

కోడలు వాడితో పనికి కావలసిన మాటలే మాట్లాడుతోంది. నేను అవి కూడా మాట్లాడడం లేదు. అన్నం పెడతాను, తిన్నావా అని అడగను. మా తమ్ముడు కొత్త టైర్లు, నాలుగూ, వేయించుకున్నాడని విన్నాను. అక్క ఇంటికి మాత్రం రాలేదు.

కొడుకును పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా రోడ్డు పక్కన నిలబెడుతున్నాను. బూడిదరంగు కారు కనిపిస్తే చాలు, చేతులు అడ్డం పెట్టి ఆపుతాడు. "వెనక చక్రం ఒక్కసారి చూడనివ్వండి సార్," అంటాడు. కొందరు ఆగుతారు. కొందరు పిచ్చివాడనుకుంటారు. నిన్న ఒకాయన కిటికీ దించి, వాడి తల్లినీ తండ్రినీ కలిపి తిట్టాడు. వాడు తిట్లు పడుతూనే మోకాళ్ల మీద వంగి, టైరు పక్క అంతా అరచేత్తో తడిమి చూశాడు.

ఆ కారు కాదు.